తడి గోనెల కింద

హలో... వినిపిస్తోందాండీ? ఆఁ, ఇప్పుడు బాగానే ఉంది. అందరూ కులాసాయేనా? పొయ్యి మీద ఏదైనా పెట్టుంటే దించేసి రండి, నేను ఆగుతాను. మధ్యలో లేచి వెళ్తే మళ్ళీ మొదటినించీ చెప్పమంటారు. ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళకీ, కట్టుకుందామని గోడలు ఊహించుకుంటున్నవాళ్ళకీ, కట్టుకున్న ఇంట్లో కిటికీ తీస్తే దగ్గు వస్తున్నవాళ్ళకీ చెబుదామని చాన్నాళ్ళుగా అనుకుంటున్న కథ ఇది. ఒక కండక్టరు గారి పెరట్లో గది సంగతి. వచ్చారా? సరే, వినండి.

కండక్టరు బస్సు దిగి చాలాకాలమైంది కానీ, బస్సు మాత్రం ఆయన్ని వదిలి దిగలేదు. ఎక్కడ నిలబడ్డా కుడిచెయ్యి దానంతటదే పైకి వెళ్ళి ఏదో ఒకటి పట్టుకునేది. గుమ్మం పైన కమ్మీయో, బట్టల తాడో, ఏదీ దొరక్కపోతే ఉత్త గాలో. మాట్లాడేటప్పుడు ఎదుటివాడి మొహం చూసేవాడు కాదు, చేతులు చూసేవాడు. టికెట్టు లేనివాడు మరీ శ్రద్ధగా కిటికీలోంచి బయటికి చూస్తాడనీ, ఉన్నవాడు మాత్రం విసుక్కుంటాడనీ ఆయన నమ్మకం. ఆ లెక్కన విసుక్కునేవాళ్ళంతా మంచివాళ్ళు, నవ్వుతూ మాట్లాడేవాళ్ళ మీద ఓ కన్నేసి ఉంచాలి.

ఆయన బావమరిది నవ్వకుండా మాట్లాడటం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

ఆ పొద్దున కండక్టరు బట్టల తాడు పట్టుకుని పెరట్లో నిలబడి బావమరిది పని చూస్తున్నాడు. బావమరిది మేస్త్రి. ఇంటి వెనక మరుగుదొడ్డి కోసం తవ్విన గొయ్యి మట్టి ఓ గుట్టగా పోసి ఉంది. దాన్ని జల్లెడ పట్టి, రాళ్ళూ వేళ్ళూ ఏరి అవతల పడేసి, కొంచెం ఇసక, ఇంకా కొంచెం సిమెంటు కలిపి పారతో తిరగేస్తున్నాడు. నీళ్ళు కుమ్మరించడం లేదు, డబ్బాకి చిల్లులు పెట్టి చిలకరిస్తున్నాడు. ఒక గుప్పెడు తీసి ఉండ చేశాడు. నడుమెత్తు నించి నేల మీదకి వదిలాడు. ఉండ నాలుగైదు ముక్కలైంది. దాన్ని చూసి తల ఊపాడు.

"పగిలిపోయిందిగా. దేనికిరా ఆ సంతోషం?" అన్నాడు కండక్టరు.

"ఇలాగే పగలాలి బావా. చితికిపోతే నీళ్ళెక్కువ, పొడైపోతే తక్కువ."

మట్టిని ఇటుకల మెషిను ఇనప పెట్టెలోకి కూరి, మూత బిగించి, పొడుగాటి కాడని పట్టుకుని ఒళ్ళంతా వేసి కిందకి లాగాడు. మెషిను మూలిగింది. మూత తీసేసరికి పెట్టెలోంచి కొత్త సబ్బుబిళ్ళలాగా ఇటుక పైకి లేచింది. దాన్ని వేళ్ళతో ముట్టకుండా రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని తీసుకెళ్ళి వరసలో పేర్చాడు. కాల్చే పని లేదు. పొగ లేదు. ఇదంతా బాగానే ఉంది కానీ, కండక్టరు చూపు పని మీద లేదు. వసారాలో గోడవారగా ఉన్న సిమెంటు బస్తాల మీద ఉంది.

"బస్తాలు ఇంతేనా?"

"ఇంతే."

"గది మొత్తానికి?"

"గదికీ, నీ అనుమానానికీ కలిపి సరిపోతాయి బావా."

వంటింటి కిటికీలోంచి కండక్టరు భార్య నవ్వింది. నవ్వు సగంలో దగ్గుగా మారింది. దగ్గు తగ్గేదాకా మేస్త్రి పార ఆపి నిలబడ్డాడు.

అసలు ఆ గది ఆ దగ్గు కోసమే. వీధి చివర ఖాళీ మెట్టలో ఇటుక బట్టీ ఉంది. గాలి ఇటు తిరిగే రోజులొస్తే పొగ తిన్నగా ముందు గది కిటికీలోకి వస్తుంది. ఆవిడ రోజూ పొద్దున కిటికీ చెక్క మీద తడిగుడ్డ పెడితే గుడ్డ నల్లగా వచ్చేది. ఉతికిన బట్టలు పెరట్లో ఆరేస్తే మళ్ళీ ఉతకాల్సిందే. డాక్టరమ్మ చెవులకి గొట్టం పెట్టుకుని విని, "ముందు గది వదిలెయ్యండి, గాలి మారకముందే" అంది. అందుకని వెనక గది. ఇక్కడిదాకా మొగుడూ పెళ్ళాం బావమరిదీ ముగ్గురిదీ ఒకే మాట. పేచీ ఎక్కడొచ్చిందంటే ఇటుక దగ్గర.

"పొగకి దూరంగా గది కట్టుకుంటూ, ఆ పొగ పెట్టినవాడి దగ్గరే ఇటుకలు కొంటామా బావా?" అన్నాడు మేస్త్రి మొదటిరోజే. "గొయ్యి తవ్విన మట్టి డబ్బిచ్చి లారీలో అవతల పారబోయించాలి. ఇంకెవరిదో పొలం పైపొర గీకి, దాన్ని బొగ్గేసి కాల్చి, మళ్ళీ లారీలో ఇక్కడికి తేవాలి. పెరట్లో ఉన్న మట్టి ఏం పాపం చేసింది?"

మాట బాగుంది. మరీ బాగుంది. మాట ఇంత నున్నగా ఉందంటే చేతిలో టికెట్టు ఉండదని కండక్టరుకి అప్పుడే అనిపించింది. కానీ భార్య తమ్ముడి వైపు తిరిగి, "అలాగే కట్టరా" అనేసింది.

ఆ అనుమానానికి నీళ్ళు పోసి పెంచినవాడు బట్టీ ఆయన. బట్టీ ఆయనా కండక్టరూ పాత స్నేహితులు, సాయంత్రాలు టీ కొట్టు బల్ల మీద పక్కపక్కన కూచునేవాళ్ళు. బట్టీ ఆయన జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడతాడు. దగ్గొచ్చినప్పుడు పెట్టుకున్నది తీయడం మరిచిపోయి, మరిచిపోయి, చివరికి అలవాటైపోయింది.

"కాల్చకుండా ఇటుకేంటయ్యా, ఉడకేయకుండా అన్నం అన్నట్టు!" అన్నాడు రుమాల్లోంచి.

"సిమెంటు కలుపుతున్నాడుగా."

"ఎంత?"

కండక్టరు చెప్పాడు.

బట్టీ ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నేను నీ బావమరిదిని ఒక్క మాట అనను. మంచి పనోడు. కానీ గోడకి సిమెంటు తక్కువ పట్టిందంటే మిగతాది ఇంకెక్కడో పట్టిందని అర్థం. నీకు నేను చెప్పాలా? జన్మంతా జనాన్ని చూసినవాడివి."

ఆ రాత్రి కండక్టరుకి కంటినిండా నిద్ర పట్టిందో లేదో గానీ, తెల్లారి లేచేసరికి మాత్రం కళ్ళు బస్తాల మీదే ఉన్నాయి.

మర్నాడు మేస్త్రి ఇటుకల వరసల మీద తడిపిన గోనెలు పరిచాడు. వాటి మీద టార్పాలిన్ కప్పాడు. అంచులు నేలకి ఆనేలా లాగి, గాలి దూరకుండా రాళ్ళు పెట్టాడు. పడుకున్న మనిషికి దుప్పటి కప్పినట్టు ఒక్కో మూలా సర్దాడు. కండక్టరు తాడు పట్టుకుని అదంతా చూశాడు.

"ఎందుకురా అంత జాగ్రత్త? బంగారం దాచినట్టు?"

"పిల్లలు పడుకున్నాయి బావా. లేపకు."

"వేళాకోళమా?"

"నిజంగానే. లేపావంటే ఏడుస్తాయి." మేస్త్రి నవ్వుతూ చేతులు కడుక్కుని సైకిలెక్కాడు. మధ్యాహ్నం పూట ఆయనకి వేరేచోట గోడపూత పని ఉంది. రోజూ భోజనం వేళకి వెళ్ళి పొద్దువాలాక వచ్చి మసక చీకట్లోనే గోనెలు తడిపేవాడు.

ఇద్దరి మధ్యా ఎప్పుడూ అంతే. పెళ్ళిలో మొదలైన వేళాకోళం. ఒకరినొకరు ఆటపట్టించుకోవడం తప్ప తిన్నగా ఒక్క మాట చెప్పుకున్న పాపాన పోలేదు. కొత్త సిమెంటు కలిసిన మట్టి తడి ఆరకుండా ఉంటేనే గట్టిపడుతుందనీ, మొదటి రోజుల్లో ఎండ తగిలితే సగంలోనే ఆగిపోతుందనీ ఆ ఒక్క ముక్క మేస్త్రి చెప్పి ఉంటే సరిపోయేది. వరసైనవాడు కదా, అందుకే నవ్వించి వెళ్ళిపోయాడు.

దాచడం తప్ప ఇంకెందుకు కప్పుతారు? కండక్టరు అటూ ఇటూ చూశాడు. ఆ వరసకి ఒక చివర వంటింటి కిటికీకి ఎదురుగా ఉంది, రెండో చివర ప్రహరీగోడ పక్కన ఉంది. ప్రహరీ వైపు వెళ్ళి, రాళ్ళు జరిపి, టార్పాలినూ గోనే రెండూ ఎత్తాడు. లోపల్నించి చల్లటి మట్టివాసన వచ్చింది. జేబులోంచి బీరువా తాళంచెవి తీశాడు. సన్నటి గొట్టం, కొసన పన్ను ఉన్న పాతకాలపు తాళంచెవి. పై ఇటుకలో గుచ్చాడు. వెన్నలో దిగినట్టు దిగింది.

"అదీ సంగతి" అనుకున్నాడు.

ఒక్క టికెట్టు చూసి బస్సు దిగిపోయేవాడు కండక్టరు కాదు. పక్కదీ గుచ్చాడు. దాని పక్కదీ. పై వరసంతా చేతికందినంత దూరం ఒక్కో పోటు పొడిచాడు. ఇంతలో లోపల్నించి భార్య పిలిచింది. గబగబా గోనెని వెనక్కి పడేసి, రాయి ఏదో చోట పెట్టి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం ఎండ సరిగ్గా ప్రహరీ వైపే పడుతుంది. సగం తొలగిన గోనె ఎంతసేపు తడిగా ఉంటుంది?

రెండో రోజూ వెళ్ళాడు. మూడో రోజూ వెళ్ళాడు. రోజూ ఇంకో వరస కిందకి దిగి చూశాడు. నిన్న గుచ్చినవి ఇవాళ మొహం తెల్లబడి, అంచులు రాలుతూ కనిపించాయి. సిమెంటు ఉంటే గట్టిపడాలి గానీ రాలడమేమిటి? అనుమానం రోజురోజుకీ గట్టిపడుతోంది, ఇటుకే వదులవుతోంది.

ఒక మధ్యాహ్నం అంతటితో ఆగలేక, మేస్త్రి సైకిలు వెనకే నడిచాడు కూడా. ఎండలో తువ్వాలు తలమీదికి లాక్కుని, చెట్ల నీడలు పట్టుకుని. సైకిలు ధాన్యం కొట్టు ముందు ఆగింది. మేస్త్రి లోపలికి వెళ్ళి కొట్టువాడితో నవ్వుతూ ఏదో మాట్లాడి, చంకలో పాత ఖాళీ గోనెలు కట్టకట్టుకుని బయటికొచ్చాడు. కండక్టరు చెట్టు చాటుకి జరిగాడు. ఖాళీ గోనెలు! సిమెంటు బస్తా మీద కంపెనీ పేరుంటుంది, అందరికీ తెలిసిపోతుంది. అదే పాత గోనెలోకి మార్చేస్తే? ఆ సాయంత్రం అవే గోనెలు తడిసి ఇటుకల మీద కొత్త వరసగా పరుచుకుని ఉన్నాయి. కండక్టరు వాటిని చూశాడు. చూసి, "మిగతావి ఎక్కడ పెట్టాడో" అనుకున్నాడు. అనుమానం పట్టుకున్న మనిషికి ఎదురుగా ఉన్నది కనపడదు, లేనిది మాత్రం వివరంగా కనిపిస్తుంది.

ఆ వారం చివర్లో పక్కవీధి టైలరమ్మ వచ్చింది. కుట్టుమెషిను పెట్టుకోడానికి చిన్న గది వేసుకోవాలని ఆవిడ ఆలోచన. "మీ తమ్ముడు ఏదో కాల్చని ఇటుక చేస్తున్నాడట కదా వదినా, చూసి పోదామని వచ్చా" అంది. మేస్త్రి మొహం వెలిగిపోయింది. ఆ మెషిను తెచ్చినప్పట్నించీ ఆయన ఎదురుచూస్తున్న మాట అది. సొంత అక్క ఇంట్లో నిలబెట్టి చూపిస్తే తప్ప బయట ఎవడూ నమ్మడని ఆయనకి తెలుసు. బట్టీ ఆయన కూడా అప్పుడే స్కూటరు ఆపి, "ఏంటయ్యా ప్రదర్శన?" అంటూ గేటు తీసుకుని లోపలికొచ్చాడు.

"రండి రండి, మీరూ చూడండి బాబాయి గారూ" అని మేస్త్రి ప్రహరీ వైపు నించి టార్పాలిన్ ఎత్తాడు. చేతికందిన మొదటి ఇటుక తీసి టైలరమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని గుడ్డ నాణ్యం చూసినట్టు బొటనవేలితో రుద్దింది. మూల విరిగి, పొడై, ఆవిడ చీర కుచ్చిళ్ళ మీద రాలింది.

"అయ్యో, నేను గట్టిగా పట్టుకున్నానేమో!"

"మీరు కాదమ్మా." కండక్టరు తాడు వదిలేసి ముందుకొచ్చాడు. ఆయన గొంతు బస్సులో వెనక సీటుదాకా వినపడేది, ఇప్పుడు వీధిదాకా వినపడింది. "మీ చెయ్యి మంచిదే. కలిపినవాడి చెయ్యే మంచిది కాదు. ఇందులో ఉండాల్సిన సిమెంటు ఏ ఇంటికి నడిచి వెళ్ళిందో మేస్త్రి గార్ని అడగండి."

బట్టీ ఆయన రుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ప్రహరీ మీదుగా ఇద్దరు ముగ్గురి తలలు లేచాయి.

"వాడు దొంగతనం చేశాడంటున్నారా?" అంది భార్య. గొంతు చాలా మెల్లగా ఉంది.

"నేనెక్కడన్నాను? ఇటుకే అంటోంది."

మేస్త్రి మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, దారి తప్పినట్టు పెదాల మీదే నిలబడింది. ఇంకో ఇటుక తీశాడు. అదీ రాలింది. తిప్పి చూశాడు. ఇంకోటి తీసి చూశాడు. వేలితో ఏదో తడిమాడు. ఒకసారి అక్క వైపు చూశాడు. అక్క నడుముకి దోపుకున్న తాళాల గుత్తి వైపు చూశాడు. తల దించుకున్నాడు.

"తప్పు నాదే బావా" అన్నాడు. "కలపడంలో ఏదో తేడా వచ్చినట్టుంది."

"రేపు పొద్దున్నే ఒక లోడు పంపిస్తాలే" అన్నాడు బట్టీ ఆయన ఓదార్పుగా. "ఎర్రగా కాలిన సరుకు. ఎవడూ వేలు పెట్టి చూపించలేడు."

"పంపండి" అన్నాడు మేస్త్రి. "గోడ నేనే కడతా అక్కా, ఏ ఇటుకైనా. నీ గది ఆగదు. ఆ తరవాత ఈ మెషిను తెచ్చినచోటే ఇచ్చేసి వస్తా." టార్పాలిన్ మళ్ళీ కప్పాడు. ఈసారి మూలలు సర్దలేదు. టైలరమ్మ చీర దులుపుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం భార్య మొగుడితో పేచీ పెట్టుకోలేదు. అది ఆయనకి ఇంకా కష్టంగా ఉంది. తాడు మీది బట్టలు తీసుకొచ్చి మంచం మీద పోసి ఒక్కోటే మడత పెట్టింది. ఆయన తెల్ల బనీను మాత్రం మడవకుండా ఆయన ఒళ్ళో పడేసింది. బనీను నిండా నల్లటి చుక్కలు. వేలితో ముట్టుకుంటే చుక్క సాగి గీత అయింది. గాలి అప్పుడే ఇటు తిరుగుతోందన్నమాట.

"మీ స్నేహితుడు పంపాడు" అంది ఆవిడ. "రేపు లోడు పంపుతాడుగా. ఇది బయానా."

మర్నాడు పొద్దున మేస్త్రి ఇంకా రాలేదు. లారీ వచ్చి ఇటుకలు దింపాలంటే పెరట్లో జాగా కావాలి. ఆ పిచ్చి ఇటుకలన్నీ గోతిలో పారేస్తే సరి అని కండక్టరు లుంగీ పైకి కట్టి, ప్రహరీ వైపు నించి మొదలుపెట్టాడు. మొదటివి ఎత్తుతుంటేనే చేతుల్లో విరిగాయి. గోతి దగ్గరికి మోసుకెళ్ళి విసిరాడు. రెండో దఫా. మూడో దఫా. పనిలో పడ్డాక మనిషికి కోపం ఉండదు, లెక్క మాత్రమే ఉంటుంది. టార్పాలిన్ లోపలికి మడుస్తూ, గోనె తీస్తూ వంటింటి కిటికీ వైపు జరిగాడు.

అక్కడ గోనె ఇంకా తడిగా ఉంది. కింద ఇటుక నల్లగా చల్లగా ఉంది. ఎత్తబోతే కదల్లేదు. వంగి రెండు చేతులా పట్టి ఎత్తాడు. బరువు. అంచులు కత్తిరించినట్టున్నాయి. అరచెయ్యి గీసుకుంది.

నమ్మలేక ఇంకోటి ఎత్తి దానికేసి కొట్టాడు. ఠంగుమంది.

జేబులోంచి తాళంచెవి తీశాడు. గుచ్చాడు. దిగలేదు. ఒళ్ళంతా వేసి గుచ్చాడు. తాళంచెవి కీచుమని జారి, ఇటుక మీద వెండిగీత మాత్రం గీసింది.

అదే మట్టి. అదే సిమెంటు. అదే రోజు, అదే చెయ్యి. కండక్టరు వెనక్కి తిరిగి గోతి దగ్గరికి నడిచాడు. పారేసిన ముక్కల్లోంచి ఒకటి తీశాడు. దాని మధ్యలో గుండ్రంగా చిల్లు. ఇంకోటి తీశాడు. చిల్లు. విరిగిపోయిన ప్రతిదాని మీదా టికెట్టుకి కొట్టినట్టు తన చేత్తో కొట్టిన పంచింగు. చిల్లు లేనిది ఒక్కటీ విరగలేదు. ప్రహరీ పక్కన ఎండ వచ్చి పడుతున్న జాగా చూశాడు. తను రోజూ నిలబడ్డచోట తడి మన్నులో తన చెప్పు గుర్తులు ఎండి గట్టిపడి ఉన్నాయి. తను తీసి వెనక్కి పడేసిన గోనె మూల చెక్కలా ఎండిపోయి ఉంది.

ఆయన చెయ్యి పైకి లేచింది. పట్టుకోడానికి ఏదీ దొరకలేదు.

ఎవరూ చూడలేదు. ముందు మనసుకి తట్టిన మాట అదే. ఇవన్నీ గోతిలో పోసి పైన ఇంత మట్టి కప్పేస్తే, లారీ వస్తుంది, ఎర్ర ఇటుక దిగుతుంది, గది లేస్తుంది. బావమరిది తప్పు ఒప్పుకున్నాడు కదా, వాడంతట వాడే. కండక్టరు పార తీసుకున్నాడు కూడా. ఒక పారెడు మట్టి గోతిలోకి వేశాడు. అప్పుడే వంటింటి కిటికీలోంచి దగ్గు వినిపించింది. ఆగి, మళ్ళీ మొదలైంది. ఆ దగ్గు పూర్తయ్యేదాకా పార గాల్లోనే ఉంది.

వీధిలో లారీ హారను మోగింది. ముందు బట్టీ ఆయన స్కూటరు, వెనక ఎర్రగా నిండిన లారీ. ఆ వెనకే సైకిలు మీద మేస్త్రి. నిన్న వినోదం చూసినవాళ్ళు ఇవాళా ప్రహరీ మీదుగా తొంగిచూస్తున్నారు. టైలరమ్మ నీళ్ళబిందెతో అటుగా పోతూ ఆగింది. లారీ డ్రైవరు వెనక్కి తీసుకోడానికి అద్దంలో చూస్తున్నాడు.

"ఆపు! ఆపవయ్యా, హోల్డాన్!" అని కండక్టరు వీధిలోకి పరిగెత్తాడు. చేతిలో చిల్లు పడ్డ ఇటుక ఒకటి ఉంది.

"ఏమైందయ్యా?" అన్నాడు బట్టీ ఆయన.

"దొంగ దొరికాడు."

మేస్త్రి సైకిలు దిగకుండా ఒక కాలు నేలకి ఆనించి నిలబడ్డాడు. "బావా, వదిలెయ్యి. నేను ఒప్పుకున్నాగా."

"నువ్వెందుకు ఒప్పుకోవాలిరా?" కండక్టరు ఇటుకని అందరికీ కనపడేలా పైకెత్తాడు. జేబులోంచి తాళంచెవి తీసి చిల్లులో పెట్టాడు. సరిగ్గా సరిపోయింది. అటూ ఇటూ తిప్పి చూపించాడు. "మా బీరువా తాళంచెవి. రోజూ మధ్యాహ్నం వాడు వెళ్ళగానే నేనే కప్పు తీసి, గుచ్చి చూసి, ఎండకి వదిలేశా. నేను ముట్టినవన్నీ పోయాయి. ముట్టనివన్నీ రాయిలా ఉన్నాయి. కావాలంటే లోపలికెళ్ళి తలబాదుకుని చూసుకోండి."

ప్రహరీ వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మేస్త్రి సైకిలు పడేసి వచ్చి ఆ ఇటుక లాక్కుని చూశాడు. తాళంచెవి చూశాడు.

"నువ్వా?" అన్నాడు. "నువ్వా బావా?"

"మరెవరనుకున్నావ్?"

మేస్త్రి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ అక్క వైపు చూడలేక నేల చూపులు చూశాడు. "ఈ చిల్లులు నేను నిన్ననే చూశా. అక్క చేసిందనుకున్నా. తాళాల గుత్తి దాని దగ్గరేగా ఉండేది. సొంత అక్కే నన్ను నమ్మక గుచ్చి చూసిందంటే, ఇక నేను నోరు తెరిచి ఏం చెప్పను? పైగా నలుగురిలో దాని పేరు బయటపెట్టమంటావా? అందుకే తప్పు నాదన్నా."

"ఓరి నీ మొహం మండా!" అంది అక్క. "నేనురా? నేనా?" అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి, దగ్గి, గుమ్మం పట్టుకుని మళ్ళీ నవ్వింది. "బావగారు నిన్ను అనుమానించారు. నువ్వు నన్ను అనుమానించావు. ఇక నేనెవర్ని అనుమానించాలో చెప్పండి, ఆ లారీ డ్రైవర్నా?"

"నాకేం తెలీదమ్మా, నన్ను లాగకండి" అన్నాడు లారీ డ్రైవరు కంగారుగా.

నవ్వులన్నీ సద్దుమణిగాక కండక్టరు బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. ఏదో చెప్పబోయి చెప్పలేకపోయాడు. అలవాటు లేదు కదా. చెయ్యి మాత్రం తియ్యలేదు.

"కప్పు ఎందుకో ఒక్క ముక్క చెప్పుంటే పోయేదిగా" అన్నాడు చివరికి.

"పిల్లలు పడుకున్నాయని చెప్పాగా" అని, మేస్త్రి తనకి తనే సిగ్గుపడి, "నిజమే బావా. తిన్నగా చెప్పాల్సింది" అన్నాడు.

బట్టీ ఆయన స్కూటరు మీద చేతులు కట్టుకుని అంతా విన్నాడు. "సరే, సరదాలైపోయాయి. లోడు దింపనా? ఇప్పుడు గాలికి ఆరే మట్టింట్లో పడుకోబెడతావా మా చెల్లెల్ని?"

"నీ ఇటుక మాత్రం దేంతో చేశావయ్యా, బంగారంతోనా? అదీ మట్టే. కాకపోతే దాన్ని మా ఆవిడ ఊపిరి మీద కాల్చావు." కండక్టరు గొంతు పెంచలేదు. "నీ ఊపిరి మీద కూడా. ఆ రుమాలు ఒకసారి తీసి మాట్లాడు, చూద్దాం."

బట్టీ ఆయన రుమాలు తీశాడు. జేబులో పెట్టుకోబోయాడు గానీ ఎందుకో దాని వైపు చూసి ఆగాడు. మధ్యలో నల్లటి మరక ఉంది. మడిచి గుప్పెట్లో దాచుకున్నాడు.

కండక్టరు లారీ పక్కకి నడిచాడు. డ్రైవరు అద్దంలో చూస్తూనే ఉన్నాడు. కండక్టరు కుడిచెయ్యి ఎత్తి లారీ ఒంటి మీద రెండుసార్లు చరిచాడు.

"రైట్! రైట్! పోనీ!"

లారీ నిండుగా వచ్చినట్టే నిండుగా వీధి మలుపు తిరిగింది.

పాడైన ఇటుకలు వృథా పోలేదు. కండక్టరే వాటిని దిమ్మిసతో దంచి, కొత్త గది నేల కింద పరిచి తొక్కాడు. "రోజూ వీటి మీద నడవాలి నేను" అన్నాడు. మిగతావాటికి కాపలా ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు మేస్త్రి నవ్వకుండా, చాలా గంభీరంగా, చిల్లుల డబ్బా తెచ్చి బావ చేతిలో పెట్టాడు. పొద్దునా సాయంత్రం గోనెలు తడపడం, మూలలు సర్దడం, రాళ్ళు చూసుకోవడం. బీరువా తాళంచెవి ఆవిడ గుత్తిలోకి పోయింది.

ఓ మధ్యాహ్నం టైలరమ్మ మళ్ళీ వచ్చింది. పెరట్లో ఎవరూ లేరనుకుని మెల్లగా టార్పాలిన్ మూల పట్టుకుంది.

"ఆగండమ్మా!" వసారా నీడలో కుర్చీ వేసుకుని కూచున్న కండక్టరు లేచి వచ్చాడు. "పిల్లలు పడుకున్నాయి, లేపకండి."

టైలరమ్మ అర్థంకాక చూసింది. ఆయన తడి గోనె మీద అరచెయ్యి ఆనించాడు. ఆమె చెయ్యి కూడా ఆనించమన్నాడు. "చల్లగా ఉంది కదా? ఈ తడి ఆరకుండా ఉన్నన్నాళ్ళే ఇది గట్టిపడుతుంది. మధ్యలో ఎండ తగిలిందా, అయిపోయింది. నేనే ఉదాహరణ. ఇప్పుడు మీ గది ఎంత పొడుగో చెప్పండి, మా బావమరిది వచ్చేలోగా మీ పెరట్లో మట్టి చూసొద్దాం."

ఇదండీ సంగతి. గాలి మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆవిడ వెనక గదిలో పడుకుంటోంది. దగ్గు పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను, బట్టీ ఇంకా అక్కడే ఉంది. కానీ బట్టీకి వీపు తిప్పిన ఆ గది కిటికీ చెక్క మీద తడిగుడ్డ పెడితే ఇప్పుడు గుడ్డ గుడ్డ రంగులోనే వస్తోందట. మీకు తెలిసినవాళ్ళలో ఎవరైనా ముగ్గు పోసి పునాది గీసుకుని, ఇటుకల కోసం వెతుక్కుంటున్నారా? ఫోను పెట్టేసేముందు ఈ కథ వాళ్ళకి చేరవెయ్యండి. ఇంట్లో బావా బావమరుదులు ఉంటే మాత్రం ఇద్దర్నీ పక్కపక్కన కూచోబెట్టి వినిపించండి. ఉంటానండీ మరి.